హనుమేష్ బావ, ఆయన యంత్రరాజు

ఎగిరే పళ్ళేలలో గ్రహాంతరవాసులు ఎప్పుడైనా భూమ్మీదికి వస్తే వాళ్ళు డోన్‌లోనే దిగాలని మా హనుమేష్ బావ గట్టి అభిప్రాయం.

“ఏ కథ చూడు, పోయి పోయి సముద్రం పక్కన ఉండే పెద్ద పట్నాల మీదనే దిగుతారు. తెలివి ఉండేవాండ్లు అట్ల దిగరు. డోన్ జంక్షన్ కదప్పా! ఈడ దిగితే గుంతకల్లు పోవచ్చు, కర్నూలు పోవచ్చు, నంద్యాల పోవచ్చు. యాడికంటే ఆడికి బండి ఉండాది. పైగా ఈ ఎర్రమన్ను, ఈ రాతి గుండ్లు చూస్తే వాండ్లకు సొంతూరికి వచ్చినట్టే ఉంటాది.”

ఈ మాట ఆయన చెప్పింది ఏ శాస్త్రవేత్తకో కాదు. కూతురి హాల్‌టికెట్ ప్రింటు కోసం వచ్చిన ఒక లారీ డ్రైవరుకు. ఆ డ్రైవరు శ్రద్ధగా విని, “అయితే వాండ్ల బండి యాడ నిలబెట్టుకుంటారన్నా?” అని అడిగాడు. బావ దానికీ జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. స్టేషన్ వెనక గూడ్స్ షెడ్డు పక్క జాగా అట.

హనుమేష్ మా అక్క శివజ్యోతి భర్త. నా పేరు భువన, డోన్‌లోనే సర్కారు బళ్ళో తెలుగు చెబుతాను. ఆయన మాటలు వినడం మా అక్క పెళ్ళైన కొత్తలోనే మానేసింది కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయనకు కోపమే రాదు. నేను ఎంత గట్టిగా కాదన్నా ఆయన నవ్వి, మొదటి నుంచి మళ్ళీ చెబుతాడు. ఇట్లాంటి మనిషితో వాదించి గెలవడం ఎవరి తరమూ కాదు.

బావది డోన్‌కు దగ్గర్లోని నల్లగుండ్ల. వానకు ఎదురుచూసే శనక్కాయ చేలు, చేల కంటే ఎక్కువ గుండ్లు ఉన్న ఊరు. కడపలో ఐటీఐ చదివి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో కంట్రోల్ రూములో చాలాకాలం పనిచేశాడు. బట్టీ లోపల ఎంత వేడి ఉందో తెర మీద అంకెలు చెబుతుంటే చూస్తూ కూర్చోవడం ఆయన ఉద్యోగం. కంప్యూటరు మీద ప్రేమ అక్కడే పుట్టింది. “ఆ అంకె యజమాని వచ్చి చూసినా అదే, కూలోడు చూసినా అదే. మొహం చూసి మాట మార్చనిది నా బతుకులో అదొక్కటే కనపడింది” అంటాడు. తర్వాత ఉద్యోగం వదిలేసి డోన్ పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టాడు. దానికి ‘భవిష్యత్’ అని పేరు. లోపల మాత్రం జనం పారేసిన పాత పెట్టెలే ఉంటాయి. వాటికి కొత్త కంపెనీల సరుకు కాకుండా, ఎవరైనా తెరిచి చదవగలిగే ఉచిత ప్రోగ్రాములు ఎక్కించి మళ్ళీ నడిపిస్తాడు.

“దుడ్లు పెట్టి తాళం కొంటివి. తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గర ఉండాది. ఇంక అది నీ ఇల్లెట్లయితాదప్పా?” అని వచ్చినవాళ్ళందరినీ నిలదీస్తాడు. పాపం, వాళ్ళు వచ్చింది ఆధార్ కార్డు జిరాక్సుకు.

రాజకీయాల్లోనూ ఆయనది అదే తూకం. పరిపాలన కూడా ఒక ప్రోగ్రామే, దాన్ని ఎవరు రాసినా ఆ రాత అందరికీ కనపడాలి అంటాడు. లోపల ఏముందో చూపించను, పనిచేస్తుంది నమ్ము అనేవాణ్ణి కంప్యూటర్లోనూ నమ్మడు, ఓట్లలోనూ నమ్మడు. రెండు పార్టీల వాట్సాప్ గుంపుల్లోనూ ఉన్నాడు. రెండింట్లోనూ ఒకే అబద్ధం పేర్లు మారి వచ్చిందని ఒకసారి రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూపించాడు.

“అబద్ధం రాసేవాడు ఒకడే భువనా. రెండిండ్లకూ కూలికి పోతాండాడు.”

ఇక కథల విషయం. యంత్రాలు మనుషుల మీద పగబట్టే కథలు చూస్తే ఆయనకు నవ్వొస్తుంది. “పగ ఊరికే వస్తాదా? తాత ఉండల్ల, ముత్తాత ఉండల్ల, గట్టు తగాదా ఉండల్ల. యంత్రానికి ఇవన్నీ యాడివి?” అంటాడు. నీళ్ళు లేని గ్రహాల మీద మనుషుల బతుకు గురించి రాసేవాళ్ళు ముందు నల్లగుండ్లకు వచ్చి ఒక ఎండాకాలం ఉండిపోవాలని ఇంకో అభిప్రాయం. ఒక్క బిందె నీళ్ళతో మనిషి స్నానం, ఆ నీళ్ళతోనే గిన్నెలు, అవే మళ్ళీ కరివేపాకు చెట్టుకు. ఆ ఇంజనీరింగు మా అత్తకు, అంటే బావ తల్లికి, తెలిసినంతగా వాళ్ళకు తెలియదట. ఈ మాట దగ్గర మాత్రం నేను ఆయన పక్షమే.

కానీ ఆయన అభిప్రాయాలన్నింటికీ అడుగున ఒక పెద్ద బండ ఉండేది. మనిషి చెయ్యి పడని చోట తప్పు జరగదు అనేది ఆ బండ. దాని మీదే మా ఇద్దరికీ ఎప్పుడూ తగువు. ఆ బండ కదిలిన రోజు గురించే నేను చెప్పబోయేది.

నల్లగుండ్ల కంబన్న పేరు చెబితే డోన్, పత్తికొండ చుట్టుపక్కల నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళు ఇప్పటికీ లేచి కూర్చుంటారు. పగలు చేలో గుంటక తోలేవాడు, తిరునాళ్ళ వస్తే కిరీటం పెట్టేవాడు. రాజు వేషమంటే ఆయనదే. ఆయన పద్యం ఎత్తుకుంటే ఊరి బయట కంకర మిషను దగ్గర కాపలావాడికి కూడా వినపడేదని చెప్పుకుంటారు. అట్లాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. కర్నూలులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. గొంతు మాత్రం తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తాడు, దాని మీద తెల్ల గుడ్డ కట్టుకుంటాడు. ఆయన పెదాలు కదులుతాయి, మాట రాదు. ఆయనతోపాటే నల్లగుండ్లలో నాటకమూ ఆగిపోయింది. చౌడమ్మ తిరునాళ్ళకు రికార్డింగ్ డాన్సులు వచ్చి చేరాయి.

బావకు ఆయన వరసకు మామ. మామకు మాట తెప్పిస్తానని బావ ఫోనులో ఒక ఏర్పాటు చేశాడు. కంబన్న తెలుగులో టైపు చేస్తే ఫోను పైకి చదువుతుంది. పని బాగానే జరిగింది గానీ ఆ గొంతు ఒక ఆడమనిషిది, అచ్చం రైల్వే స్టేషన్లో బండి ఆలస్యానికి చింతిస్తున్నామని చెప్పే గొంతు. కంబన్న ఇంటికి పోయి వంటింటి వైపు ఫోను పట్టి నొక్కితే, “మద్దీ, మజ్జిగ ఇయ్యి” అని ఆ గొంతు తీయగా పలికింది.

కంబన్న భార్య మద్దమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చి, నేరుగా మా బావ మీద పడింది. “ఏమప్పా హనుమేషూ, మా ఇంట్లోకి ఇంకో ఆడదాన్ని తోలుకొచ్చినావా?”

ఊరంతా నెలల తరబడి దాన్ని చెప్పుకుని నవ్వింది. బావ కూడా నవ్వాడు. కానీ నవ్వి ఊరుకునే రకం కాదు. మామ గొంతే మామకు ఇవ్వాలి అన్నాడు.

తిరునాళ్ళలో అభిమానులు పట్టుకున్న కంబన్న పద్యాల క్యాసెట్లు చుట్టుపక్కల ఊళ్ళలో అటకల మీద ఉన్నాయి. బావ మోటారు సైకిలు మీద తిరిగి వాటిని పోగు చేశాడు. కొత్త రకం ప్రోగ్రాం ఒకటి ఉందట. ఒక మనిషి గొంతును బాగా వినిపిస్తే దాని ధోరణి పట్టుకుని, ఇంకొకరు పాడిన పాటను ఆ గొంతులోకి మారుస్తుంది. నాటకాల్లో పద్యం మధ్యలో మైకు లాక్కుని, ఫలానా వారు నటుడికి ఇంత చదివించారని పేర్లు చదవడం మా వైపు అలవాటు. క్యాసెట్ల నిండా ఆ పేర్లే. దాంతో మొదటిసారి బయటికి వచ్చిన గొంతు సగం కంబన్నది, సగం ఆ పేర్లు చదివే పెద్దమనిషిది అయి కూర్చుంది. బావ ఓపికగా ఒక్కో పేరునూ ఏరి పారేశాడు. హార్మోనియం వాయించే ఏసేపు పద్యాలు పాడి ఇచ్చాడు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పెట్టెలోంచి కంబన్న గొంతు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కంబన్న మాత్రం ఏడవలేదు. చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపి, ఫోనులో టైపు చేసి చూపించాడు. ‘ఈ గొంతుతో మజ్జిగ అడగను. వేషం కడతా.’

అట్లా పుట్టింది బావ రాసిన ‘యంత్రరాజ పరిపాలనం’. సైన్సు కథను పద్యనాటకంగా కట్టినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉన్నాడని నేను అనుకోను. వచ్చే శతాబ్దంలో నల్లగుండ్ల జనం రెండు పార్టీలతోనూ విసిగిపోయి ఒక యంత్రాన్ని రాజుగా ఎన్నుకుంటారు. ఆ యంత్రం నీళ్ళు సమంగా పంచుతుంది, అబద్ధం చెప్పేవాణ్ణి నిలబెట్టి కడుగుతుంది. యంత్రరాజు కంబన్న. ఛందస్సు బాధ్యత నాది. బావ ఇచ్చిన మాటలను నేను ఆటవెలదిలో పెట్టాను. కొలువులో రాజు పాడే పద్యం ఇది:

కులము లేదు నాకు, కొలువులో బంధువుల్
లేరు, నిదుర లేదు, లెక్క తప్ప;
నీరు పంచగలను నెత్తురు చుక్కైన
రాలకుండ; కంట రాదు చెమ్మ.

చివరి పాదంలో ‘కంట’ దగ్గర రాగం తీయాలని కంబన్న చేత్తో చూపించాడు. ఏసేపు అట్లాగే పాడి ఇచ్చాడు. బావ ఆ పద్యాన్ని అక్షరాలుగా కోసి, ఒక్కో ముక్కను కంప్యూటరులో ఒక్కో మీటకు కట్టి, సరిచూసి, తిరిగి అన్నీ అతికించాడు. కోసినన్నాళ్ళూ కంబన్న పక్కనే కూర్చుని ఏ మీట ఏ అక్షరమో వేలితో చూపిస్తూ వచ్చాడు.

మద్దమ్మకు ఇదంతా నచ్చలేదు. “పోయిన గొంతు పోయినాది. ఆయప్ప లేచి తిరుగుతాండాడు, నాకు అది చాలు. మీరు దాన్ని పెట్టెలో పెట్టి ఆడిస్తాండారు. నేను రాను, చూడను” అని తెగేసి చెప్పింది. పదిమందిలో నోరు తెరవని మనిషి ఆమె. నాతో కూడా తలుపు చాటు నుంచే మాట్లాడేది. అంత మాట అన్నదంటే ఎంత నొప్పి ఉందో నాకు అర్థమైంది. బావకు అర్థం కాలేదు. “ఇన్న్యాక ఆమె గూడా వస్తాది, చూడు” అన్నాడు.

ఆ రోజుల్లోనే భూపేష్ అంగడికి వచ్చాడు. ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. వాళ్ళ నాయన మండలమంతా తెలిసిన నాయకుడు, పోయి కొంతకాలమైంది. ఇప్పుడు కొడుకు కాంట్రాక్టులు చేస్తూ, రాబోయే స్థానిక ఎన్నికల్లో నిలబడుతున్నాడు. తిరునాళ్ళకు స్టేజీ, జనరేటరు, మైకు ఏటా వాళ్ళవే. నేను ఆ పూట ప్రశ్నపత్రం ప్రింటు తీయించుకుంటున్నాను.

“అన్నా, మా నాయన మాట్లాడిన వీడియోలు ఇంట్లో శానా ఉండాయి. ఆయన గొంతుతో ఒక్క మాట చెయ్యి. ‘నా కొడుకును మీ చేతుల్లో పెడతాండా’ అని. అంతే. అందరి ఫోన్లకూ పంపిస్తాం” అన్నాడు భూపేష్.

“ఆయన ఈ మాట యాడన్నా అన్న్యాడా?” అడిగాడు బావ.

“ఉండింటే అనకపోయేవాడా?”

బావ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. “కంబన్న మామను అడిగినా. ఆయన తలూపినాడు. చేసినా. మీ నాయనతో తలూపించు, నీకూ చేసిస్తా.”

భూపేష్ గొడవ పడలేదు. చిన్నగా నవ్వి, “తిరునాళ్ళకు స్టేజీ మాదే కదన్నా. చూస్తాంలే” అని లేచిపోయాడు. రెండు రోజులు తిరగకుండానే కబురు వచ్చింది. స్టేజీ మీద డాన్సు ప్రోగ్రాం పెట్టారు, నాటకానికి జాగా లేదు.

నేను బావ మీద మండిపడ్డాను. అదే మాట మెల్లగా చెప్పి ఉండొచ్చు కదా, మామ ఆశను గంగలో కలిపావు అని తిట్టాను. ఆయన దులుపుకుని, “మంచిదే అయ్యింది భువనా. వాండ్ల జనరేటరు కరెంటు ఎగుడుదిగుడుగా వస్తాది, నా పెట్టెకు పడదు” అన్నాడు. ఆ మనిషి ధీమా చూస్తే ఒక్కోసారి కొట్టాలనిపిస్తుంది. కానీ అన్నంత పనీ చేశాడు. నాపరాళ్ళు తోలే లారీ ఒకటి ఊరికి అవతల బీడులో నిలబెట్టించి పక్క తలుపులు దింపితే అదే స్టేజీ అయింది. అంగడిలో పాత బ్యాటరీలన్నీ కలిపి దీపాలు వెలిగించాడు. డోన్ నుంచి మైకు సెట్టు తెప్పించి, ఊరి వైపు రెండు లౌడ్ స్పీకర్లు తిప్పాడు. పదిగంటలకల్లా మైకు ఆపాలన్నది పోలీసుల మాట కాబట్టి పొద్దుగూకేసరికి మొదలుపెట్టాలని అనుకున్నాం.

జనం వస్తారా అని నాకు దిగులు. వచ్చారు. కంబన్న మళ్ళీ కిరీటం పెడుతున్నాడంటే డాన్సు వదిలి వచ్చారు. పత్తికొండ వైపు నుంచి ట్రాక్టర్లలో ముసలివాళ్ళు దిగారు. చివరికి భూపేష్ కూడా తన మనుషులతో వచ్చి ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. అందరూ వచ్చారు, మద్దమ్మ తప్ప.

కంబన్న కిరీటానికి బావ రంగుల దీపాలు చుట్టాడు. మెడ గుడ్డ కనపడకుండా పూసల హారాలు వేశాం. బావ లారీ మూల చిన్న బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు, నేను ఆయన వెనక. ఎదురుగా ఏసేపు హార్మోనియం. రాజు పెదాలు కదిపినప్పుడు బావ మీట నొక్కాలి. అది ఎంత బాగా కుదిరిందంటే, మొదటి మాట వినపడగానే బీడంతా గప్‌చిప్ అయింది. ఒక ముసలామె చేతులు జోడించింది.

కొలువు సీను వచ్చింది. రాజు లేచి, చెయ్యి చాచి, పద్యం ఎత్తుకున్నాడు. ‘కులము లేదు నాకు’ అని ఆ గొంతు బీడు మీదికి పోయింది. ‘కంట’ దగ్గర రాగం పైకి లేచి, నిలిచి, దిగింది. పద్యం అయిపోగానే వెనక నుంచి ఎవరో అరిచారు.

“వన్స్ మోర్!”

వెంటనే బీడంతా అందుకుంది. “వన్స్ మోర్! వన్స్ మోర్!”

బావ వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. బ్యాటరీ అయిపోతే ఏం చేయాలో, వాన పడితే ఏం చేయాలో, లాప్‌టాప్ చచ్చిపోతే ఏం చేయాలో అన్నింటికీ ఏర్పాటు చేసుకున్న మనిషి. పుట్టినప్పటి నుంచి నాటకాలు చూసినవాడు, తనే ఎన్నోసార్లు వన్స్ మోర్ అని అరిచినవాడు. దాన్ని మాత్రం మరిచిపోయాడు. ఆయనే కాదు, నేనూ మరిచాను, ఏసేపూ మరిచాడు. మా వైపు వన్స్ మోర్ అంటే పాడిందే మళ్ళీ పాడటం కాదు. రెండోసారి రాగం ఇంకొంచెం పొడవు కావాలి, కొత్త మలుపు తిరగాలి. మొదటిసారి పద్యం రాసినవాడిది. రెండోసారి పద్యం నటుడి సొంతం.

వేరే దారి లేక బావ అదే మళ్ళీ నొక్కాడు. అదే పద్యం, అంతే పొడవు, అక్కడే అదే ఊపిరి. కంబన్న మాత్రం ఏళ్ళ అలవాటు కొద్దీ ‘కంట’ దగ్గర చెయ్యి ఇంకా పైకెత్తి, నోరు తెరిచి, కళ్ళు మూసుకుని రాగం సాగదీస్తూనే ఉన్నాడు. పెట్టె ఎప్పుడో పాడి ముగించింది. అంత జనం ముందు, శబ్దం లేకుండా, తెరిచిన నోటితో రాజు నిలబడి ఉన్నాడు.

మొదట ఎవరో నవ్వారు. తర్వాత భూపేష్ మనుషులు ఈల వేశారు. “టేపు రా ఇది! టేపు!”

“కంబన్నను బొమ్మను చేసి ఆడిస్తాండారు” అని ఎవరో ముసలాయన బాధగా అన్నాడు. ఆ మాట నాకు ఈలల కంటే గట్టిగా తగిలింది. మద్దమ్మ అన్నదీ అదే కదా.

కంబన్న కళ్ళు తెరిచాడు. చెయ్యి మెల్లగా దించాడు. లారీ దిగి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన తిన్నగా మా బల్ల దగ్గరికి వచ్చి, లాప్‌టాప్ మీద వేలు పెట్టి, ముక్కలు ముక్కలుగా కోసినట్టు గాలిలో చూపించాడు. అక్షరాల మీటలు తెరవమంటున్నాడు.

“వద్దు మామా” అన్నాడు బావ. “అది మన చేత్తో కుదరదు. చెయ్యి పడితే తప్పు వస్తాది.”

కంబన్న పెదాలు కదిలాయి. మాట లేకపోయినా నాకు స్పష్టంగా తెలిసింది. ‘రానీ.’

బావ ముక్కల ఫైలు తెరిచాడు. బల్లను ఇద్దరం కలిసి లారీ మధ్యకు జరిపాం. కిరీటం పెట్టుకున్న రాజు కూర్చోకుండానే లాప్‌టాప్ మీదికి వంగాడు. మీట పట్టుకున్నంతసేపు అక్షరం సాగుతుంది, వదిలితే ఆగుతుంది, పక్క మీటలు స్వరాన్ని ఎత్తుతాయి, దించుతాయి. గుంటక పట్టి కాయలు కాచిన వేళ్ళు. మొదటి అక్షరమే తప్పిపోయింది, ‘కు’ రెండు సార్లు పలికింది. జనంలో మళ్ళీ నవ్వు. ఆయన తల ఎత్తలేదు. రెండో పాదానికి వేళ్ళు కుదురుకున్నాయి. మూడో పాదంలో ‘నీరు’ దగ్గర ఎవరూ అనుకోని చోట ఆగి, జనం వైపు చూసి, మళ్ళీ నొక్కాడు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఊరిని ఏడిపించే ముందు కంబన్న అట్లాగే చూసేవాడు.

తర్వాత ‘కంట’ వచ్చింది. వేలు తీయలేదు. ఆ గొంతు లేచింది, వంకర తిరిగింది, ఒకచోట బీటలు వారి తెగిపోయింది కూడా. ఆయన తెగిన చోటునే మళ్ళీ పట్టుకుని ఇంకా పైకి తీసుకుపోయాడు. ఏసేపు హార్మోనియం మీద చెమటలు కక్కుతూ వెంటబడ్డాడు. రాగం ఎక్కడికి పోతుందో ఏసేపుకు తెలియదు, బావకు తెలియదు, పెట్టెకు అసలే తెలియదు. కంబన్న వేలికి మాత్రమే తెలుసు. బావ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పని లేనివాడిలా కూర్చుని, ఏడుస్తున్నాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

‘రాదు చెమ్మ’ అని పద్యం ముగిసింది. ఈలలు లేవు, చప్పట్లు కూడా లేవు. ఏం చేయాలో జనానికి తోచలేదు.

అప్పుడు అన్నింటికంటే వెనక, ఊరి దారి వైపు చీకట్లోంచి, ఒక ఆడమనిషి అరిచింది.

“వన్స్ మోర్!”

జనం పక్కకు తప్పుకున్నారు. సంగటి పిండి అంటిన చేతులతో, పొయ్యి మీది కుండను ఎట్లా ఉన్నదాన్ని అట్లా వదిలేసి, మద్దమ్మ వస్తోంది. ఊరి వైపు తిప్పిన లౌడ్ స్పీకర్లో పద్యం ఆమెకు మూడుసార్లూ వినపడింది. మొదటి రెండుసార్లకు పొయ్యి ముందు నుంచి లేవలేదట, మూడోసారి మధ్యలోనే లేచి బయల్దేరిందట. పదిమందిలో నోరు తెరవని ఆ మనిషి లారీ దీపాల వెలుతురులోకి వచ్చి నిలబడి, అంత జనంలో, మొగుడి ముఖంలోకి చూస్తూ మళ్ళీ అరిచింది.

కంబన్న మీట మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకున్నాడు. కిరీటం సర్దుకున్నాడు. ఆమెకు ఎదురుగా బల్లను కొంచెం తిప్పుకుని, అప్పుడు మొదటి అక్షరం నొక్కాడు.